ఏడాది తిరిగేసరికి 60 ప్లాట్లలో 57 చోట్ల కర్బనం తగ్గిందట, నా ఇన్‌ఫ్రారెడ్ మోడల్‌ని నమ్మమంటారా?

మట్టిగుణం
పర్యావరణ పర్యవేక్షణ పనిలో 60 శాశ్వత ప్లాట్లు చూసుకుంటున్నాను. ఒక్కో ప్లాటులో నాలుగు చోట్ల 20 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీస్తాం. ఏడాదికి 240 శాంపిళ్లు. పోయినేడు అన్నిటినీ ల్యాబ్‌కి పంపి డ్రై కంబషన్‌తో, అంటే మట్టిని కాల్చి వచ్చే వాయువుని కొలిచే పద్ధతితో, సేంద్రియ కర్బనం కొలిపించాం. అవే శాంపిళ్లని 350 నుంచి 2500 నానోమీటర్ల స్పెక్ట్రోమీటర్ మీద, కాంటాక్ట్ ప్రోబ్‌తో స్కాన్ చేసి, ఆ స్పెక్ట్రమ్ నుంచి కర్బనం అంచనా వేసే పీఎల్‌ఎస్ మోడల్ (ఒక గణాంక పద్ధతి) కట్టాను. క్రాస్ వాలిడేషన్‌లో (కొన్ని శాంపిళ్లు పక్కన పెట్టి వాటి మీద మోడల్‌ని పరీక్షించడం) ఆర్ స్క్వేర్ 0.91 (1కి ఎంత దగ్గరైతే అంత మంచిది), ఆర్‌ఎంఎస్‌ఈ, అంటే సగటున జరిగే పొరపాటు, 0.22 శాతం కర్బనం. ఎగిరి గంతేశాను. ఇక ప్రతి ఏడాదీ ల్యాబ్ చుట్టూ తిరగక్కర్లేదు, స్కాన్ చేస్తే చాలనుకున్నాను.

ఈ ఏడాది కొత్త శాంపిళ్లు స్కాన్ చేసి అదే మోడల్‌లో వేశాను. 57 ప్లాట్లలో కర్బనం తగ్గింది. సగటున 0.3 శాతం. పోయినేటి సగటు 1.2. భూమి వాడకం ఏ ప్లాటులోనూ మారలేదు, మంటలు లేవు, కోత లేదు. మా పైఅధికారికి మాత్రం ఈ అంకె తెగ నచ్చేసింది. "తీవ్ర కర్బన నష్టం" అని నివేదిక రాయమంటున్నారు. సోమవారానికి ఇవ్వాలి. నాకు చెయ్యి రావట్లేదు. ఇది నిజమా, నా మోడల్ వేషాలా?

చిరుజల్లు
60లో 57 చోట్లా? మట్టంతా కూడబలుక్కుని సమ్మెకి దిగిందన్నమాట. ఆ మిగిలిన మూడు ప్లాట్లూ యూనియన్‌లో చేరలేదు కాబోలు.

గణాంకం_గంగ
0.91 సంగతి ముందు తేలుద్దాం. క్రాస్ వాలిడేషన్ ఎలా విడగొట్టారు? 240 శాంపిళ్లనీ కలగలిపి యాదృచ్ఛికంగా పది భాగాలు చేశారా? అలా అయితే ఒకే ప్లాటులోని నాలుగింటిలో మూడు శిక్షణలో, ఒకటి పరీక్షలో పడతాయి. పక్కపక్కన తీసిన మట్టి అన్నదమ్ముల్లా ఉంటుంది. అన్నని చూసి తమ్ముడిని గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు. ప్లాటుకి ప్లాటు మొత్తం పక్కన పెట్టి మళ్లీ నడిపి చూడండి.

మట్టిగుణం
కలిపే విడగొట్టాను గంగ గారూ. రాత్రికి మళ్లీ నడిపి చెప్తా.

కొలతలకాకా
ముప్పై ఏళ్లుగా ఇవే చూస్తున్నా, కొంచెం చాదస్తం భరించండి. ఈ పరికరం కర్బనాన్ని తూకం వేయదు. 2500 నానోమీటర్ల లోపల మనకి కనిపించేవి అణు బంధాల అసలు కంపనాలు కావు, వాటి ఓవర్‌టోన్‌లు (రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాలు), కలయికలు. అవి వెడల్పుగా, బలహీనంగా, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. 1400, 1900 దగ్గర నీరు. 2200 దగ్గర బంకమట్టి ఖనిజాల్లోని అల్యూమినియం హైడ్రాక్సిల్ బంధం. 2340 దగ్గర కార్బనేట్లు. 900 చుట్టూ, ఇంకా కంటికి కనిపించే భాగంలో ఇనుము ఆక్సైడ్లు. సేంద్రియ పదార్థం మాత్రం ఒకచోట గుడిసె వేసుకుని కూర్చోదు. కనిపించే కాంతిలో మట్టిని నల్లగా చేస్తుంది, మిగతా చోట్ల చిన్నచిన్న సీ-హెచ్ (కర్బనం-హైడ్రోజన్ బంధం) పోగులు వదులుతుంది. మోడల్ ఆ పోగులన్నీ ఏరుకుని "కర్బనం ఇంత ఉండొచ్చు" అంటుంది. అంటే అది కొలత కాదయ్యా, పోలిక.

పోలిక అన్నాక రెండేళ్లూ అన్నీ ఒకేలా ఉండాలి. మట్టి ఎలా ఆరబెట్టారు? జల్లెడ ఏది? దీపం ఎంతసేపు వేడెక్కనిచ్చారు? ప్రమాణంగా స్కాన్ చేసే తెల్ల పలక ఎలా ఉంది? స్కాన్ చేసిన చెయ్యి ఎవరిది? వరసగా చెప్పు.

మట్టిగుణం
రెండేళ్లూ 40 డిగ్రీల ఓవెన్, 2 మిల్లీమీటర్ల జల్లెడ. పరికరం అదే. దీపం అరగంట వేడెక్కాకే మొదలుపెట్టాం. పోయినేడు నేనే స్కాన్ చేశా, ఈ ఏడాది కొత్తగా చేరిన తమ్ముడు చేశాడు. తెల్ల పలక అదే. చూడ్డానికి బాగానే ఉంది.

తడిమట్టి
నా ఓటు తేమకే. బోవర్స్, హ్యాంక్స్ 1965లోనే చూపించారు, తేమ పెరిగితే మట్టి పరావర్తనం స్పెక్ట్రమ్ పొడుగునా పడిపోతుందని. మా దగ్గర ఒకసారి ముసురు పట్టిన వారంలో, ఆరిన శాంపిళ్లు మూత లేని పళ్లాల్లో రెండు రోజులు ఉండిపోయాయి. బంకమట్టి గాలిలో తేమని లాగేసింది. 1900 లోయ ఇంత లోతు! మోడల్ తికమకపడి కర్బనాన్ని ఆకాశానికెత్తేసింది. తర్వాత ఈపీఓ అనే లెక్క వాడి తేమ దిశని స్పెక్ట్రాలోంచి తీసేశాం. దానికి అవే శాంపిళ్లని పొడిగా ఒకసారి, వేర్వేరు తడుల్లో కొన్నిసార్లు స్కాన్ చేయాలి. పని ఎక్కువే, కానీ పొలంలో నేరుగా స్కాన్ చేసేవాళ్లకి వేరే దారి లేదు.

కొలతలకాకా
తడిమట్టీ, నువ్వే చెప్పావుగా, తేమ ఎక్కువైతే కర్బనం పెరిగినట్టు కనిపించింది. వీళ్లకి తగ్గింది. నీ దొంగ ఈ ఇంట్లో దూరలేదు.

తడిమట్టి
ఈ ఏడాది మరీ ఎక్కువ ఆరబెట్టి ఉంటే?

కొలతలకాకా
40 డిగ్రీలే అంటున్నాడుగా. అయినా కొట్టిపారేయను, 1900 లోయల లోతు రెండేళ్లవీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది.

డ్రిఫ్ట్‌దేవి
అసలీ గొడవంతా నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో ఉన్నందుకు. మిడ్ ఇన్‌ఫ్రారెడ్‌కి వచ్చేయండి. వేవ్‌నంబర్ (సెంటీమీటరుకి ఎన్ని అలలో ఆ అంకె) 4000 నుంచి 400 దాకా అసలైన కంపనాలే కనిపిస్తాయి. 2920, 2850 దగ్గర సేంద్రియ పదార్థపు సీ-హెచ్ బంధాలు కళ్లకు కట్టినట్టుంటాయి. 3695, 3620 చూస్తే కయోలినైట్ ఉందని చెప్పేయొచ్చు. 2520 దగ్గర కార్బనేటు. ఒకే స్కాన్‌లో కర్బనం, నత్రజని, బంకమట్టి శాతం, కార్బనేటు, క్యాటయాన్ మార్పిడి సామర్థ్యం, అన్నీ. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల మట్టి ప్రయోగశాల కూడా పదివేల లెక్కన శాంపిళ్లతో మిడ్ ఇన్‌ఫ్రారెడ్ లైబ్రరీ కట్టుకుంది, ఊరికే కాదు.

కొలతలకాకా
దేవి గారు చెప్పింది నిజమే, సగం. మిడ్ ఇన్‌ఫ్రారెడ్‌కి మట్టిని గంధంలా నూరాలి. 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టి అలాగే పెడితే రేణువు పరిమాణాన్ని కొలుస్తారు తప్ప కర్బనాన్ని కాదు. ఇసుక నేలల్లో క్వార్ట్జ్ ఉపరితలం నుంచి నేరుగా మెరుపు కొట్టి 1100 చుట్టుపక్కల శిఖరాలు తలకిందులవుతాయి. పైగా బుజాన వేసుకుని పొలానికి తీసుకెళ్లే పనిముట్టు కాదు. అతని చేతిలో ఉన్న పరికరంతో అతని తగవు తీర్చుదాం ముందు.

డ్రిఫ్ట్‌దేవి
చేత్తో పట్టుకునే మిడ్ ఇన్‌ఫ్రారెడ్ పరికరాలూ వచ్చాయి కాకా గారూ, మీరు ఇంకా ల్యాబ్ బల్లకే అతుక్కుపోయారు. నూరుడు సంగతి ఒప్పుకుంటా. మా దగ్గర శాంపిల్‌కి ట్రేలోని నాలుగు చిన్న బావులు నింపి, నాలుగు స్కాన్లు సగటు తీస్తాం. అయినా నూరినవాళ్లు మారితే తేడా వస్తుంది.

చిరుజల్లు
సమస్య పేరేమో డ్రిఫ్టు. సలహా ఇచ్చేది డ్రిఫ్ట్‌దేవి. దొంగ దొరికినట్టే కదా?

డ్రిఫ్ట్‌దేవి
నా డ్రిఫ్ట్ అంటే డిఫ్యూజ్ రిఫ్లెక్టెన్స్ బాబూ. పరికరం దారి తప్పే డ్రిఫ్ట్ కాదు. ఈ జోకు నాకు వారానికి ఒకరు వేస్తారు.

సీసం_సీను
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. పర్యావరణం అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. పాత కర్మాగారాల పక్క నేలల్లో సీసం, కాడ్మియం దీంతో కొలవొచ్చా? 0.8 ఆర్ స్క్వేర్‌తో పేపర్లు చాలానే చూశా.

పీహెచ్‌డీ_ఐదోఏడు
నా మొదటి రెండేళ్లు ఇందులోనే పోయాయి, అందుకని నేను చెప్తా. మట్టిలో ఉండే మోతాదుల్లో సీసానికీ కాడ్మియానికీ ఈ ప్రాంతంలో సొంత శోషణ పట్టీ లేదు. ఆ లోహాలు ఇనుము ఆక్సైడ్లకీ, బంకమట్టికీ, సేంద్రియ పదార్థానికీ అంటుకుని ఉంటాయి. మోడల్ చూసేది వాటిని. ఒకే రకం నేలలో, ఒకే మూలం నుంచి కాలుష్యం వస్తుంటే ఆ చుట్టరికం నిలబడుతుంది, 0.8 వస్తుంది. నేను అదే మోడల్‌ని పక్క స్థలానికి తీసుకెళ్తే ఇనుము ఎక్కువున్న ప్రతి మట్టినీ "విషం, విషం" అంది. అక్కడ సీసం దాదాపు లేదు. లోహాలకైతే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరం పట్టుకెళ్లండి.

డ్రిఫ్ట్‌దేవి
పెట్రోలియం హైడ్రోకార్బన్లు మాత్రం వేరే కథ. వాటికి సొంత సీ-హెచ్ పట్టీలున్నాయి. నియర్‌లో 1730 దగ్గర, 2310 దగ్గర చూడండి. నూనె ఒలికిన నేలని ఇన్‌ఫ్రారెడ్ నేరుగానే పట్టుకుంటుంది. పీహెచ్, అందుబాటులో ఉన్న భాస్వరం, పొటాష్ లాంటివన్నీ సీసం బాపతే. చుట్టరికం మీద ఆధారపడి బతుకుతాయి. పీహెచ్ ఒక్కటి కార్బనేట్ల పుణ్యమా అని అప్పుడప్పుడు గట్టెక్కుతుంది.

సీసం_సీను
రెండేళ్లు పోయాయంటున్నారు కాబట్టి నేను రెండు వారాలతో ఆపేస్తా. ధన్యోస్మి.

మట్టిగుణం
గంగ గారూ, మీరన్నట్టే ప్లాటుకి ప్లాటు తీసి నడిపా. ఆర్ స్క్వేర్ 0.78. ఆర్‌ఎంఎస్‌ఈ 0.31. పోయినేటి సంబరం మొత్తం నీరుగారిపోయింది. అంటే 0.3 తగ్గుదల లోపం హద్దులోనే ఉన్నట్టేగా? "మార్పు చెప్పలేం" అని రాసేస్తే సరిపోతుందా?

గణాంకం_గంగ
సరిపోదు. ఇక్కడే చాలామంది కాలు జారుతుంది. 0.31 అనేది ఒక్క శాంపిల్‌లో జరిగే పొరపాటు. అది అటూ ఇటూ పడే రకమైతే సగటులో కరిగిపోతుంది. 60 ప్లాట్ల సగటుకి 0.31ని 60 వర్గమూలంతో భాగించండి, సుమారు 0.04. (240 అని లెక్కేయకండి, అన్నదమ్ముల మాట మర్చిపోవద్దు.) మీ తగ్గుదల 0.3. అంటే యాదృచ్ఛిక లోపంతో ఇది వచ్చే అవకాశం లేదు. ఇక మిగిలినవి రెండే. నిజంగానే తగ్గి ఉండాలి, లేదా అన్నిటినీ ఒకేవైపు నెట్టే పక్షపాతం ఎక్కడో దూరి ఉండాలి. పక్షపాతం సగటులో కరగదు. 60 కాదు, 6000 ప్లాట్లు పెట్టినా కరగదు.

నిజమా కాదా అన్నది కూడా లెక్క కట్టి చూద్దాం. మట్టి స్థూల సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.3 గ్రాములు అనుకుందాం. హెక్టారుకి 20 సెంటీమీటర్ల మట్టి బరువు 2600 టన్నులు. అందులో 1.2 శాతం కర్బనం అంటే 31 టన్నుల చిల్లర. మీ మోడల్ చెప్తున్నది 0.3 శాతం, అంటే హెక్టారుకి 7.8 టన్నులు ఏడాదిలో గాల్లో కలిసిపోయిందని. నిల్వలో పావు వంతు! పోలికకి, 2015లో పారిస్ వాతావరణ సదస్సప్పుడు మొదలుపెట్టిన "వెయ్యికి నాలుగు" కార్యక్రమం ఆశించే పెరుగుదల ఏడాదికి నిల్వలో 0.4 శాతం. మీ నేలలో అది 0.12 టన్నులు. దాన్ని కనిపెట్టడానికే జనం పదేళ్లు ఆగి కొలుస్తారు. దున్నని, కాల్చని నేల ఏడాదిలో 7.8 టన్నులు ఎలా పోగొట్టుకుంటుంది?

మట్టిగుణం
టన్నుల్లో చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. శాతంలో 0.3 అంటే చిన్నదనుకున్నా.

పొలంగట్టు
స్థూల సాంద్రత రెండేళ్లూ ఒకటే అనుకుంటున్నారు. కొలిచారా? మట్టి గుల్లబారితే అదే 20 సెంటీమీటర్లలో తక్కువ మట్టి వస్తుంది. స్పెక్ట్రమ్ శాతం చెప్తుంది గానీ టన్నులు చెప్పదు. కర్బన నిల్వల నివేదికల్లో సగం తగాదాలు ఇక్కడే.

గణాంకం_గంగ
నిజమే, టన్నుల లెక్కకి అది కావాలి. కానీ అతని శాతమే పడిపోయింది కాబట్టి ఇక్కడ దొంగ అది కాదు.

కొలతలకాకా
ఒక్క ప్రశ్న. పోయినేటి మట్టి డబ్బాలు పారేయలేదుగా?

మట్టిగుణం
లేదు కాకా గారూ. అటక మీద ఉన్నాయి. పొడిగా, మూతలు బిగించి.

కొలతలకాకా
బతికించావు. రేపు ఒక 20 డబ్బాలు దింపు. తక్కువ కర్బనం నుంచి ఎక్కువ దాకా అన్ని రకాలూ ఉండేలా చూసుకో. ఈ ఏడాది స్కాన్ చేసినట్టే, అదే పలక, అదే దీపం, అదే తమ్ముడి చేత స్కాన్ చేయించి మోడల్‌లో వెయ్యి. అటక మీద డబ్బాలో ఉన్న మట్టి కర్బనం పోగొట్టుకోదు. అదీ తగ్గిందంటే మట్టి నిర్దోషి.

పీహెచ్‌డీ_ఐదోఏడు
అది నడుస్తుండగా ఒక సందేహం. సొంత మోడల్ బదులు పెద్ద లైబ్రరీ వాడేస్తే ఈ బాధ ఉండదు కదా? ఐరోపా వాళ్ల లూకాస్ సర్వేలో 2009 నాటివే దాదాపు 20,000 పైమట్టి శాంపిళ్లున్నాయి, అన్నీ ఒకే ల్యాబ్‌లో విశ్లేషించినవి. 2016లో వచ్చిన ప్రపంచ లైబ్రరీలో 23,000 పైచిలుకు స్పెక్ట్రా, 92 దేశాల నుంచి. మన 240 ఏ మూలకి?

కొలతలకాకా
పెద్ద చెరువులో వల వేస్తే పెద్ద చేప పడుతుందన్న గ్యారంటీ లేదు. ప్రపంచ లైబ్రరీలోంచి ఒక్క మోడల్ కట్టి చిన్న ప్రాంతం మీద వేస్తే మొత్తం ఒకవైపు ఒరిగిపోవడం నేను చాలాసార్లు చూశా. లైబ్రరీలోంచి మన మట్టిని పోలిన స్పెక్ట్రాని మాత్రం ఏరుకుని వాటితో మోడల్ కట్టడం ఒక దారి. మన శాంపిళ్లు ఒక 20, 30 కలిపి దానికి మన నేల రుచి చూపించడం ఇంకో దారి. స్పైకింగ్ అంటారు. రెండూ కలిపితే ఇంకా మంచిది.

ఇంకో ముడి ఏమిటంటే వాళ్ల పరికరం వేరు, మన పరికరం వేరు. దానికోసమే పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలోని లక్కీ బే, వైలీ బే ఇసుకల్ని అందరికీ ఉమ్మడి ప్రమాణంగా పెట్టుకున్నారు. ఏ ల్యాబ్ అయినా ఆ ఇసుకని స్కాన్ చేసి, తన స్పెక్ట్రాని అందరి కొలబద్దకీ సర్దుకోవచ్చు.

చిరుజల్లు
సముద్రపు ఇసుకకి కూడా ఉద్యోగం దొరికింది. నాకే దొరకట్లేదు.

ఆకాశం_నుంచి
మీరంతా డబ్బాలు మోస్తున్నారు గానీ, ఉపగ్రహం నుంచి హైపర్‌స్పెక్ట్రల్ బొమ్మలు (ప్రతి చుక్కకీ స్పెక్ట్రమ్ ఉండేవి) వస్తున్నాయిగా. 2019లో ప్రిస్మా, 2022లో ఎన్‌మ్యాప్ ఎగిరాయి. 60 ప్లాట్లూ ఒకే బొమ్మలో పడతాయేమో చూడండి.

తడిమట్టి
పడతాయి, ఆకులు. శాశ్వత ప్లాట్లు అన్నారు, పచ్చిక ఉంటుంది కదా. నేల బోసిగా ఉంటేనే ఉపగ్రహం పనికొస్తుంది, అదీ పైపై పొరే కనిపిస్తుంది. 1400, 1900 ప్రాంతాలు గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది. బీడు భూముల్లో విస్తీర్ణం చూడాలంటే బంగారం, 60 ప్లాట్లలో 0.1 శాతం మార్పు చూడాలంటే కాదు.

మట్టిగుణం
ఫలితం వచ్చింది. 20 పాత డబ్బాలు, అటక మీద నుంచి దింపి స్కాన్ చేయించాను. సగటున 0.27 తగ్గాయి!! అటక మీదే!

పోయినేటి స్పెక్ట్రా, నేటి స్పెక్ట్రా ఒకదాని మీద ఒకటి వేసి చూశా. 1900 లోయ రెండేళ్లూ ఒకే లోతు, కాబట్టి తేమ కాదు. కానీ నేటివి అన్నీ కొంచెం పైకి లేచి ఉన్నాయి, ముఖ్యంగా కనిపించే కాంతి వైపు. అంటే అదే మట్టి ఈ ఏడాది తెల్లగా కనిపిస్తోంది. ఇంకో వింత, 1730 దగ్గర ఒకటి, 2310 దగ్గర ఒకటి చిన్న బుడిపెలు. లోయలు కాదు, పైకి లేచిన బుడిపెలు. 20 శాంపిళ్లలోనూ ఒకేచోట.

డ్రిఫ్ట్‌దేవి
పైన సీనుకి ఏం చెప్పాను? 1730, 2310 అంటే సీ-హెచ్. నూనె, జిడ్డు. అది మట్టిలో ఉంటే లోయ కనిపించాలి. బుడిపె కనిపించిందంటే జిడ్డు మట్టిలో లేదు, మీరు భాగించే దానిలో ఉంది. తెల్ల పలక!!

కొలతలకాకా
అంతే. పరావర్తనం అంటే మట్టి నుంచి వచ్చిన కాంతిని పలక నుంచి వచ్చిన కాంతితో భాగించగా వచ్చేది. పలక మురికైతే హారం చిన్నదవుతుంది, భాగఫలం పెరుగుతుంది. మట్టి తెల్లబడినట్టు కనిపిస్తుంది. తెల్లబడ్డ మట్టికి మోడల్ ఏమంటుంది? కర్బనం తక్కువ అంటుంది. మోడల్ తప్పు చేయలేదయ్యా, మనం చూపించిన దాన్ని నమ్మింది.

కొత్త పలక ఇంకోటి ఉందా? ఉంటే దాన్ని ప్రమాణంగా పెట్టి పాతదాన్ని శాంపిల్‌లా స్కాన్ చెయ్యి. శుభ్రంగా ఉంటే 1 దగ్గర గీత గీసినట్టు రావాలి.

మట్టిగుణం
పెట్టెలో వాడనిది ఒకటి ఉంది. దాంతో చూశా. గీత కాదు, గతుకుల రోడ్డు. కనిపించే కాంతి వైపు జారిపోయింది, 1730 దగ్గరా 2310 దగ్గరా గుంటలు. కంటికి మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉంది, అదే నాకు మింగుడు పడట్లేదు.

తమ్ముడిని పిలిచి మెల్లగా అడిగా. "అన్నా, రోజూ శుభ్రంగా తుడిచాకే పెడుతున్నా" అన్నాడు. దేంతో తుడుస్తున్నావురా అంటే అరచేత్తో తుడిచి చూపించాడు. చేతులు పగులుతున్నాయని పొద్దున్నే క్రీమ్ రాసుకుని వస్తాడట.

చిరుజల్లు
7.8 టన్నుల కర్బనాన్ని మాయం చేసిన చేతి క్రీమ్! ఆ డబ్బా మీద ఈ సంగతి రాయాలి.

డ్రిఫ్ట్‌దేవి
తమ్ముడిని తిట్టకండి. ఆ పలకలు స్పెక్ట్రలాన్, అంటే టెఫ్లాన్ పొడిని అచ్చుపోసి కాల్చిన పదార్థం. సన్నని రంధ్రాలుంటాయి. జిడ్డుని పీల్చుకుంటాయి, పైకి మరక కనబడదు. దానికి తోడు మీది కాంటాక్ట్ ప్రోబ్. మట్టి మీద నొక్కి, మళ్లీ పలక మీద నొక్కి, ప్రతిసారీ చిటికెడు దుమ్ము అంటిస్తారు. మధ్యలో ప్రోబ్ కిటికీ తుడవాలి.

మట్టిగుణం
దీన్ని పారేయాలా, కడగొచ్చా?

కొలతలకాకా
కడగొచ్చు. పైపై దుమ్ము అయితే పొడి గాలి ఊదితే చాలు. ఇది ముదిరింది కాబట్టి కుళాయి నీళ్ల ధార కింద పెట్టి, నీళ్లకి పాడవని గరుకు కాగితం, 220 నుంచి 240 గ్రిట్‌ది, దాంతో మెత్తగా రుద్దు. నీళ్లు పలక మీద నిలవకుండా ముత్యాల్లా జారిపోయేదాకా రుద్దాలి. తర్వాత ఊది ఆరబెట్టు. సబ్బు, గుడ్డ జోలికి పోకు. ఆరాక కొత్త పలకతో మళ్లీ పోల్చు. కొత్తదాన్ని మాత్రం రోజువారీ వాడకు, పెట్టెలోనే ఉంచు, నెలకోసారి పాతదాన్ని పరీక్షించడానికి మాత్రమే తియ్యి.

పీహెచ్‌డీ_ఐదోఏడు
మొదటి డెరివేటివ్ (స్పెక్ట్రమ్ ఒక్కో చోట ఎంత వాలుగా ఉందో ఆ లెక్క) తీసి మోడల్ కట్టి ఉంటే ఇదంతా తప్పేది కదా? మొత్తం పైకి లేవడం డెరివేటివ్‌లో పోతుంది.

గణాంకం_గంగ
ఒకే ఎత్తున లేస్తే పోతుంది. అతనిది ఒకవైపు ఎక్కువ లేచింది, అది వాలు. పైగా బుడిపెలు డెరివేటివ్‌లో పోకపోగా ఇంకా కోసుగా తయారవుతాయి. అదీ కర్బనం మోడల్ కళ్లు పెట్టుకు కూర్చునే సీ-హెచ్ స్థానాల్లో. సావిట్స్కీ-గోలే, ఎస్‌ఎన్‌వీ లాంటి స్పెక్ట్రమ్ శుభ్రం చేసే లెక్కలన్నీ మంచి చీపుళ్లే. కానీ చీపురు ఉంది కదా అని ఇంట్లో చెత్త పోయరు.

పీహెచ్‌డీ_ఐదోఏడు
సగం ఒప్పుకుంటా. డెరివేటివ్ ఉంటే 0.27 కాస్తా సగానికి తగ్గేదని నా నమ్మకం. మట్టిగుణం గారు నడిపి చెప్తే తేలిపోతుంది.

మట్టిగుణం
పాపం మీ నమ్మకం. నడిపా, 0.27 కాస్తా 0.19 అయింది. సగం కాదు.

పీహెచ్‌డీ_ఐదోఏడు
మూడో వంతు. నా థీసిస్‌లో "గణనీయంగా" అని రాసుకుంటా.

బూడిదకుప్ప
చదువుతుంటే మా కథ గుర్తొచ్చింది. మాకు తిరగబడి, ఒక్క ఏడాదిలో కర్బనం విపరీతంగా పెరిగింది. పరికరం, పలక, ఓవెన్ అన్నీ వెతికాం. చివరికి చూస్తే మేం మధ్యలో ల్యాబ్ మార్చాం, కొత్త డేటా కలిపి మోడల్ మళ్లీ కట్టాం. పాత ల్యాబ్ వాక్లీ-బ్లాక్ పద్ధతి, కొత్తది డ్రై కంబషన్. వాక్లీ-బ్లాక్‌లో కర్బనం పూర్తిగా ఆక్సీకరణం కాదు, 76 శాతం చిక్కుతుందని అనుకుని 1.32తో గుణిస్తారు. పాతవాళ్లు గుణించలేదు. కొత్తవాళ్లేమో కార్బనేటుని ఆమ్లంతో తీసేయకుండానే కాల్చారు, సున్నపు నేలల్లో ఆ కర్బనం కూడా కలిసిపోయింది. ఇన్‌ఫ్రారెడ్‌ని మూడు నెలలు తిట్టాం. అది రెండు ల్యాబులూ చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది, అంతే.

కొలతలకాకా
బాగా చెప్పావు. మట్టిగుణం, నీ ల్యాబ్ కార్బనేటు తీసేశాకే కాల్చిందా?

మట్టిగుణం
తీశారండీ, నివేదికలో ఉంది. మా నేలల్లో 2340 దగ్గర పెద్దగా ఏమీ లేదు కూడా.

సరే, తాజా వార్త. పలక రుద్ది కడిగా. నీళ్లు ముత్యాల్లా జారాయి. కొత్త పలకతో పోలిస్తే గీత దాదాపు తిన్నగా వచ్చింది. మొదట అటక డబ్బాలు 20 మళ్లీ స్కాన్ చేశా, పోయినేటి అంకెలకి 0.02 తేడాలో ఉన్నాయి. తర్వాత ఈ ఏడాది 240 శాంపిళ్లూ మళ్లీ మొదటి నుంచి, రెండు రోజులు, ఈసారి నేనూ తమ్ముడూ కలిసి. సగటు తగ్గుదల 0.04. 33 ప్లాట్లు తగ్గాయి, 27 పెరిగాయి.

గణాంకం_గంగ
0.04 లోపం మీద 0.04 మార్పు. ఇప్పుడు "మార్పు కనిపించలేదు" అని రాయొచ్చు. "మార్పు లేదు" అని రాయకండి, రెండూ ఒకటి కాదు. మీ పద్ధతితో ఏడాదికి ఎంత మార్పు అయితే కనిపిస్తుందో ఆ అంకె కూడా పక్కనే వేయండి. ఇంకో మాట, ఈ ఏడాది శాంపిళ్లలో ఒక 20 ల్యాబ్‌కి పంపండి. యాదృచ్ఛికంగా కాకుండా స్పెక్ట్రాలో అన్ని మూలలూ తగిలేలా కెన్నార్డ్-స్టోన్ పద్ధతితో ఎంచుకోండి. ప్రతి ఏడాదీ ఇంతే. ల్యాబ్‌తో పూర్తిగా తెగతెంపులు చేసుకుంటే మళ్లీ ఇక్కడికే వస్తారు.

పొలంగట్టు
అలాగే మీ ప్లాట్ల మట్టి కొంత బాగా కలిపి ఒక పెద్ద డబ్బా నింపి పెట్టుకోండి. ప్రతి 20 శాంపిళ్లకి ఒకసారి దాన్నీ స్కాన్ చేస్తుంటే, అంకె జరిగిన రోజే తెలుస్తుంది. ఏడాది చివర కాదు.

మట్టిగుణం
నింపేశానండీ. 20 ల్యాబ్‌కి కూడా వెళ్తున్నాయి. పైఅధికారికి చెప్పాను. "అయితే వార్తేమీ లేదన్నమాట" అని ముఖం చిన్నబుచ్చుకున్నారు. తప్పుడు నివేదిక వెళ్లకుండా ఆగిందని నేను లోలోపల పండగ చేసుకుంటున్నా.

తమ్ముడు కూడా పాపం బాగా నొచ్చుకున్నాడు. ఇక ఎవరూ పలక ముట్టుకోకుండా "చేతితో తాకరాదు" అని పెద్ద అక్షరాలతో కాగితం రాసి అంటించాడు.

చిరుజల్లు
ఎక్కడ అంటించాడు? పెట్టె మీదా, పలక మీదా?

మట్టిగుణం
ఒక్క నిమిషం ఉండండి.